పనిలో ప్రమాదం – పరిహారం లెక్క

మన హాస్టల్ విద్యార్థుల తల్లిదండ్రుల్లో చాలామంది తాపీపనికి, క్వారీకి, రైసుమిల్లుకు వెళ్ళేవారే. పనిలో వేలు తెగినా, ప్రాణం పోయినా పెద్దమనుషులు కూర్చుని తేల్చినంత తీసుకోవడం మన ఊళ్ళలో అలవాటు. నిజానికి అది యజమాని దయ కాదు, చట్టం కట్టిన లెక్క.

1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టాన్ని 2009లో సవరించి, మరణానికి కనీస పరిహారం 80,000 నుండి 1,20,000 రూపాయలకు, శాశ్వత సంపూర్ణ వైకల్యానికి 90,000 నుండి 1,40,000కు పెంచారు. 2025 నవంబరు 21 నుండి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమలులోకి వచ్చింది. ఇంటి నుండి పనికి వెళ్ళే దారిలో జరిగిన ప్రమాదానికీ, పనితో సంబంధం తేలితే, ఇందులో చోటిచ్చారు. ఇది మంచి మార్పు.

లెక్క మాత్రం పాత పద్ధతే. సంపూర్ణ వైకల్యమైతే నెల జీతంలో 60 శాతాన్ని, మరణమైతే 50 శాతాన్ని వయసును బట్టి ఇచ్చిన అంకెతో హెచ్చించాలి. 30 ఏళ్ళకు ఆ అంకె 207.98. నెలకు 10,000 సంపాదించే మనిషికి 6,000 × 207.98 = 12,47,880 రూపాయలు. బొటనవేలు పోతే 30 శాతం నష్టం, అంటే 3,74,364. ఊరి పంచాయతీలో ఈ అంకె ఎవరైనా పలికారా?

అసలు తగాదా జీతం దగ్గరే వస్తుంది. మేస్త్రీ చీటీ, హాజరు పుస్తకం కాపీ ఉంటే దాచండి. యజమాని తన వ్యాపారపు పనిని కాంట్రాక్టుకిచ్చినా బాధ్యత తప్పదు. నెలలోగా చెల్లించకపోతే 12 శాతం వడ్డీ పడుతుంది. మరణమైతే సొమ్మును అధికారి వద్దే జమచేయాలి. హక్కు వదులుకున్నట్టు వేలిముద్ర వేయించుకున్న కాగితం చెల్లదు. ఈఎస్ఐ ఉన్నవారు మాత్రం ఈఎస్ఐ ఆఫీసులోనే అడగాలి.