సముద్రం దాటి వెళ్ళి తిరిగి రాని జవాను



రెండో ప్రపంచ యుద్ధంలో కృష్ణా డెల్టా ఊళ్ళనుంచి సైన్యంలో చేరిన కుర్రవాడు చాలాసార్లు తుపాకి పట్టి ముందు వరసలో నిలబడ్డ సిపాయి కాదు. వంతెన కట్టినవాడు, రోడ్డు వేసినవాడు, లారీ నడిపినవాడు, గాయపడ్డవాళ్ళను మోసినవాడు, మందుపాతరలు వెతికి తీసినవాడు. యుద్ధ కథల్లో అతను కనిపించకపోవడానికి మొదటి కారణం ఇదే.

దీని వెనక పాత చరిత్ర ఉంది. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి ప్రధాన సేనానిగా పనిచేసిన రాబర్ట్స్, దక్షిణాదివాళ్ళు యుద్ధానికి తగరని గట్టిగా నమ్మాడు. పంజాబు, సరిహద్దు, నేపాల్ ప్రాంతాలవాళ్ళే వీర జాతులన్న సిద్ధాంతం ఆ కాలంలో బలపడింది. అది శాస్త్రం కాదు, దురభిప్రాయం. కానీ 19వ శతాబ్దం ముగిసేనాటికి పదాతి దళంలో తెలుగువాళ్ళను చేర్చుకోవడం దాదాపు ఆగిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మద్రాసు పదాతి పటాలాలను ఒక్కొక్కటిగా రద్దు చేశారు. 1928 తర్వాత ఒక్కటీ మిగల్లేదు. బెంగుళూరు కేంద్రంగా మద్రాసు శాపర్ల (సైనిక ఇంజనీరింగ్ పనులు చేసేవాళ్ళ) దళం మాత్రం నిలిచింది. తమిళులు, తెలుగువాళ్ళు, మలయాళీలు, కన్నడిగులు కలిసి పనిచేసే దళం అది. సైన్యంలో వాళ్ళను ముద్దుగా ‘తంబి’లని పిలుస్తారు.

డెల్టాకూ ఈ దళానికీ పాత బంధుత్వమే ఉంది. బెజవాడ, సీతానగరం కొండల మధ్య కృష్ణకు 1852–55లో ఆనకట్ట కట్టించిన కెప్టెన్ ఛార్లెస్ ఓర్ మద్రాసు ఇంజనీర్ల దళంవాడు, కాటన్ దొర శిష్యుడు. శాపర్లను నడిపించిన అధికారులూ ఆ ఇంజనీర్ల దళంనుంచి వచ్చినవాళ్ళే. డెల్టాకు నీళ్ళు పంచిన విద్య, యుద్ధంలో నదులు దాటించిన విద్య ఒక్కటే.

1939లో భారత సైన్యం సుమారు 2 లక్షలు. యుద్ధం ముగిసేసరికి 25 లక్షలు దాటింది. నిర్బంధంగా చేర్చుకున్నవాళ్ళు కారు, అందరూ తమంతట తాము చేరినవాళ్ళు. వీర జాతుల సిద్ధాంతానికి కాలం చెల్లింది. మద్రాసు రాష్ట్రం సైనికులను పంపడంలో ముందు వరసకు వచ్చింది. మద్రాసు రెజిమెంటును మళ్ళీ నిలబెట్టారు. అయినా దక్షిణాది కుర్రవాళ్ళలో ఎక్కువమంది శాపర్లు, పయనీర్లు, రవాణా, వైద్య విభాగాలకే వెళ్ళారు.

కాలవల కింద పచ్చగా కనిపించే డెల్టాలో సొంత పొలం లేని కుటుంబాలకు కొదవ లేదు. నెల జీతం, తిండి, బట్ట, ఇంటికి మనియార్డరు చాలామందిని రిక్రూటింగ్ అధికారి దగ్గరికి నడిపించాయి. పక్క జిల్లా పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరంలాంటి ఊళ్ళలో సైన్యం తరతరాల వృత్తి. ఆ ఊరినుంచి మొదటి యుద్ధానికి 90 మంది, రెండోదానికి 1,110 మంది వెళ్ళారని అక్కడివాళ్ళు లెక్క చెబుతారు. అందుకే దాన్ని ‘మిలిటరీ మాధవరం’ అంటారు.

అదే సమయంలో దేశం మరో దారిలో నడుస్తోంది. 1940–41 వ్యక్తి సత్యాగ్రహం యుద్ధానికి సహకరించవద్దని పిలుపునిచ్చింది. 1942 ఆగస్టు 12న తెనాలిలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలయ్యారు. వాళ్ళ పేరిట అక్కడ రణరంగ చౌక్ నిలిచింది. అది న్యాయం. ఆ రోజుల్లోనే తెల్లదొర సైన్యంలో చేరి, ఎక్కడో చనిపోయిన కుర్రవాడిని స్వతంత్రం వచ్చాక ఏ వరసలో నిలబెట్టాలో ఎవరికీ తోచలేదు. అతను ద్రోహి కాదు. పొట్టకోసం వెళ్ళి, ఒప్పుకున్న పనిలో ప్రాణం ఇచ్చినవాడు.

ఆ పని ఎలాంటిదో తెలుసుకోవడానికి, అదే శాపర్ల దళానికి చెందిన సుబేదార్ సుబ్రమణియన్ కథ చదవాలి. ఆయన తెలుగువాడు కాదు, చెంగల్పట్టు ప్రాంతపు తమిళుడు. ఆయన పనిచేసిన 11వ ఫీల్డ్ పార్క్ కంపెనీ నాలుగో భారత డివిజన్‌కు అనుబంధం. 1944 ఫిబ్రవరిలో ఆ డివిజన్ ఇటలీలో కసీనో కొండ దగ్గర పోరాడుతోంది. ఆ నెల 15న కొండమీది మఠాన్ని మిత్రపక్షాల విమానాలు నేలమట్టం చేశాయి. లోకం ఆ మఠాన్నే గుర్తుపెట్టుకుంది. కింద దారులు తెరిచినవాళ్ళ పని వేరు. మందుపాతర పసిగట్టే యంత్రాన్ని నేలమీద ఆనించీ ఆనించకుండా ఆడిస్తూ ఒకడు ముందు నడవాలి. భద్రమని తేలిన దారికి తెల్ల పట్టీ పరుస్తూ వెనక మరొకడు రావాలి. ఒక్క అడుగు పక్కకు పడితే అంతే.

ఫిబ్రవరి 24న మిన్యానో దగ్గర ఇలా దారి తీస్తుండగా ఒక మందుపాతర చిన్న చప్పుడుతో రాజుకుంది. పేలడానికి కొద్ది క్షణాలే ఉంది. ఆ చప్పుడు దేనిదో సుబ్రమణియన్‌కు తెలుసు. పక్కకు దూకడానికి బదులు ఆయన దానిమీద పడ్డాడు. వెంట ఉన్నవాళ్ళకోసం పేలుడంతా తన ఒంటిమీద తీసుకుని ప్రాణం వదిలాడు. ఆయనకు మరణానంతరం జార్జ్ క్రాస్ ఇచ్చారు. 1940లో మొదలైన ఆ పతకాన్ని నేరుగా పొందిన మొదటి భారతీయుడు ఆయనే. ఇటలీలోని సాంగ్రో నది దహన స్మారకంమీద ఆయన పేరు ఉంది.

రెండో యుద్ధంలో చనిపోయిన భారత సైనికులు 87 వేలకు పైనే. వాళ్ళలో పేరున్న పతకాలు అందుకున్నవాళ్ళు బహు కొద్దిమంది. తక్కినవాళ్ళకు రాతిమీద పేరైనా మిగలాలి. అదీ అందరికీ దక్కలేదు. బర్మా పోరులో సమాధి తెలియకుండా పోయిన 27 వేలకు దగ్గరగా ఉన్న కామన్‌వెల్త్ సైనికుల పేర్లు రంగూన్ దగ్గర తౌక్యాన్ స్మారకంలో చెక్కారు. కానీ మొదటి యుద్ధపు బస్రా స్మారకంలో భారతీయ అధికారుల పేర్లే చెక్కి, సిపాయిలను పటాలంవారీగా అంకెలతో సరిపెట్టారు. బస్రా ఉన్న మెసొపొటేమియాలో (నేటి ఇరాక్) మద్రాసు శాపర్లూ పనిచేశారు. అధికారులకూ సిపాయిలకూ మధ్య చూపిన ఆ తేడా తప్పని కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ 2021 ఏప్రిల్‌లో తన నివేదికలో ఒప్పుకుంది. ఒప్పుకోవడానికి వందేళ్ళు పట్టింది.

ఆ సంస్థ జాబితాలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. చాలా పేర్ల పక్కన తండ్రి పేరో భార్య పేరో, ఊరి పేరూ ఉంటాయి. పాత స్పెల్లింగుల్లో కృష్ణ ‘కిస్ట్‌నా’గా, విజయవాడ ‘బెజవాడ’గా కనిపిస్తాయి. ఊళ్ళ పేర్లూ వంకరపోయి ఉంటాయి కనుక ఒక్కసారి వెతికి లేదనుకోకూడదు. మీ ఊళ్ళో సైన్యానికి వెళ్ళి తిరిగి రానివాళ్ళ ఇళ్ళు ఏవో పెద్దవాళ్ళను అడుగు. పాత పింఛను కాగితం, పతకం, సర్వీసు నంబరు ఏది దొరికినా రాసిపెట్టుకుని, జాబితాతో సరిచూసి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడుగు. ఆ ఇళ్ళలో ఇంకా గుర్తున్నవాళ్ళు పెద్ద వయసువాళ్ళు. ఈ వేసవి సెలవుల్లోనే వెళ్ళు.