ఇంజను కంప్యూటరు

కొవ్వూరు నుండి రాజమహేంద్రవరానికి 1974లో ప్రారంభమైన రోడ్డు-రైలు వంతెనపై ఒక కారు ఎక్కుతున్నదనుకొందాం. డ్రైవరు ఆక్సిలరేటరును నొక్కుతాడు. ఎంత పెట్రోలు చిమ్మవలెనో, నిప్పురవ్వ ఏ క్షణాన పుట్టవలెనో నిర్ణయించేది మాత్రం అతడు కాదు, ఒక చిన్న లోహపు పెట్టె. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకు 100 పర్యాయాలు ఇంధనం మండవలసి ఉంటుంది. పూర్వం ఇంధనాన్ని గాలితో కలిపే పని కార్బురేటరుది. మన దేశంలో 2000 నుండి కాలుష్య ప్రమాణాలు కఠినతరం కావడంతో ఆ బాధ్యత క్రమంగా ఈ పెట్టెకు సంక్రమించింది.

ఇది మొరాయించినప్పుడు "కంప్యూటరు పోయింది, మొత్తం మార్చాలి" అనే మాట తరచు వినబడుతుంది. ఖర్చు వేలల్లో ఉంటుంది. చెడినది ఒక్క కెపాసిటరే కావచ్చును. అది తెలియాలంటే లోపలి భాగాలను గుర్తుపట్టగలగాలి.

మూత తీయగానే కనెక్టరు వద్ద నుండి పరిశీలన ప్రారంభించడం మేలు. బ్యాటరీ విద్యుత్తు అక్కడి నుండే వస్తుంది. దాని సమీపంలోని డబ్బాల వంటి స్తూపాలు విద్యుద్విశ్లేష్య కెపాసిటర్లు. వాటి పైనున్న గీత సాధారణంగా రుణధ్రువానికి గుర్తు. బ్యాటరీ వోల్టేజిని 5 వోల్టులకు తగ్గించే రెగ్యులేటరు కూడా ఆ చుట్టుపక్కలనే ఉంటుంది. నూకగింజలంత నల్లని ముక్కలు నిరోధకాలు. వాటిపై 103 అని ఉంటే 10 పక్కన మూడు సున్నాలు, అనగా 10,000 ఓములు. 472 అంటే 4,700 ఓములు. గోధుమరంగు ముక్కలు సిరామిక్ కెపాసిటర్లు. వాటిపై సాధారణంగా అక్షరమే ఉండదు, మీటరుతో కొలవవలసిందే. పెట్టె గోడకు ఆనుకొని వేడిని వదిలే ట్రాన్సిస్టర్లు ఇంజెక్టర్లను నడుపుతాయి. నాలుగు వైపులా కాళ్ళున్న పెద్ద చిప్పు మైక్రోకంట్రోలరు. దాని పక్కన మెరిసే లోహపు బిళ్ళ, కాలాన్ని లెక్కించే స్ఫటికం.

చిక్కంతా చిప్పుల దగ్గరే. కొందరు తయారీదారులు వాటిపై తమ సొంత సంఖ్యలను ముద్రిస్తారు. అటువంటి సంఖ్య ఏ కేటలాగులోనూ దొరకకపోవచ్చు. అప్పుడు దాని కాళ్ళ నుండి రాగిగీతలు ఎటు పోతున్నవో చూడాలి. గీత ఇంజెక్టరు తీగను చేరితే అది చోదక వలయం. ఎనిమిది కాళ్ళతో మైక్రోకంట్రోలరుకు కలిసి ఉన్నది స్మృతి చిప్పు కావచ్చును. తాళంచెవి సంకేతం పలు కార్లలో దానిలోనే ఉంటుంది. అందుకే వేరొక కారు పెట్టెను తెచ్చి బిగించినా ఇంజను కదలదు. మనుషులను ఇంటిపేరుతో కాక చుట్టరికంతో గుర్తుపట్టడం వంటిదే ఇది.

డెల్టా ప్రాంతంలో తేమ మరొక శత్రువు. వరదనీరు సోకిన బోర్డుపై రాగిబిందెకు పట్టినట్లే పచ్చని చిలుము పడుతుంది. శుభ్రపరచి పూర్తిగా ఆరనివ్వకుండా విద్యుత్తు ఇస్తే మిగిలిన భాగాలూ పోతాయి. పాతబడిన కెపాసిటరు నుండి కారిన ద్రవం కూడా రాగిగీతలను తినివేస్తుంది. కనుక కొత్త కెపాసిటరు అతికే ముందు దాని అడుగున గీత తెగినదేమో మీటరుతో పరీక్షించాలి.