పాఠశాలకు మైకు స్టాండు

మత్తిగిరి వీధులలో తెలుగు, కన్నడము, తమిళము మూడును వినవచ్చును. మన బాలల తెలుగు పలుకు పదిమంది యెదుట స్పష్టముగా వినిపించునది వార్షికోత్సవ వేదికపైననే. ఆ వేళ మైకు అందక చిన్నబిడ్డ మునివ్రేళ్లపై నిలిచి పద్యము చదివినచో ఒత్తులు సగము వినబడవు. ఆ దోషము స్టాండుదే.

కావున స్టాండు కొనునపుడు మూడు విషయములు పరిశీలింపవలెను. మొదటిది ఎత్తు. 90 సెంటీమీటర్లు మొదలు 150 వరకు అమరవలెను. బిగించి, మైకు నుంచి, పది నిమిషములు చూడుడు, జారినచో కొనరాదు. రెండవది పాదము. బరువైన గుండ్రని ఇనుప పీట తక్కువ చోటు తీసికొనును. మూడు కాళ్లది మోయుటకు తేలికయైనను పిల్లల కాళ్లకు తగులును. అడ్డచేయి కలదైనచో ఒక కాలు ఆ చేయి దిక్కుననే ఉండవలెను, లేనిచో ఒరిగిపోవును. మూడవది మర. 5/8, 3/8 అంగుళములని రెండు కొలతలు కలవు. మైకు క్లిప్పునకు సరిపడనిచో అడాప్టరు కావలెను.

ధ్వనిముద్రణ వేళ స్టాండు క్రింద మందపు దుప్పటి పరచినచో నేల అదురు తగ్గును. మైకును నోటికి జానెడు దూరమున, కొంచెము ప్రక్కగా నిలిపినచో ఫ, భ అక్షరముల ఊపిరి దెబ్బ తగులదు.

పాఠశాలకు స్టాండు బహూకరింప నెంచు తల్లిదండ్రులు మైకును, ఒకటవ తరగతి బిడ్డను వెంట గొనిపోయి అంగడిలోనే పరీక్షించి కొనవలెనని మనవి.