వనభోజనములకు గ్యాసు పొయ్యియా, కట్టెల పొయ్యియా?

కార్తికమాసము వచ్చినంతనే మన బాలబాలికలు వనభోజనములకు తొందరపెట్టుదురు. గుడారములు వేసికొని రెండు దినములుండు శిబిరములకును వారిని పంపవలసి వచ్చును. అప్పుడెల్ల తల్లిదండ్రులు మమ్మడుగు ప్రశ్న యొకటే: వంటకు గ్యాసు పొయ్యి కొనిపోవలెనా, మూడు రాళ్లు పెట్టి కట్టెలు కాల్చవలెనా?

కట్టెల పక్షమున చెప్పదగినది లేకపోలేదు. ఉసిరిచెట్టు నీడను కట్టెలపై ఉడికిన పప్పు రుచియే వేరు. సన్నపుల్లలు ముందు, మొద్దులు పిదప, నడుమ గాలికి చోటు – మంట రాజేయుటయు నొక విద్యయే. ‘వంటచెరకు’ అను మాట చదివి, అది తినవచ్చునా యని ఒక బాలుడు మమ్మడిగెను! మరాఠీ ‘సర్పణ్’ వానికి తెలియును.

ఇక లెక్క చూతము. ఎండుకట్టె కిలోకు సుమారు 4,000 కిలోకెలోరీల వేడి నిచ్చును; గ్యాసు 11,000. మూడురాళ్ల పొయ్యిలో ఆ వేడి నూటికి 10, 15 పాళ్లే పాత్రకు చేరును. గ్యాసు పొయ్యిలో 60 పాళ్లకు తక్కువ కాదు. కావున 5 కిలోల చిన్న సిలిండరు చేయు పనికి 55 మొదలు 80 కిలోల కట్టెలు కావలెను.

ఆ కట్టెలు తెచ్చువారెవరు? మా అసలు చింత యిదియే. గోండ్‌పిప్రి చుట్టును అడవి. చంద్రపూర్ పులుల జిల్లా. కట్టెలకును ఇప్పపూవునకును పోయి పులివాత బడినవారి వార్తలు వినుచునే యున్నాము. పుల్లలు చాలనప్పుడు “నాలుగు ఏరుకొని రండి” యని పిల్లలనే పంపుట మన అలవాటు. వారు పొదలలో వంగి తిరుగుదురు. వంగిన మనిషి పులికి మనిషివలె తోచడని అడవి నెరిగినవారందురు. అదిగాక, రిజర్వు అడవికి అపాయము కలుగునట్లు నిప్పు రాజేయుట 1927 నాటి అటవీ చట్టముచే నేరము.

గ్యాసు నిర్దోషి యని మేమనము. గాలికంటె బరువగుటచే, కారిన గ్యాసు పల్లమున నిలుచును. గుడారములో పొయ్యి వెలిగింపనే రాదు. గాలికి రేకు అడ్డము పెట్టువారు సిలిండరును గూడ కలిపి చుట్టుదురు. అది మిక్కిలి ప్రమాదము. వేడి లోన నిలిచి సిలిండరు కాగును.

కావున వంట గ్యాసుపైననే కానిండు. మంట విద్య నేర్పుటకు, ఇంటినుండి తెచ్చిన యొక మోపుతో, అడవికి దూరముగా పొలములో, పెద్దల యెదుట, తేనీరు మాత్రము కాచుకొననిండు. ఏటిలో నానిన రాళ్లు పొయ్యికి పనికిరావు. లోని నీరు ఆవిరియై అవి పగిలి చిట్లును. పిదప నీరు పోసి, బూడిద కలియబెట్టి, మరల నీరు పోయవలెను. చేయి దగ్గర పెట్టి చూచి, వేడి తగులనప్పుడే అచటినుండి కదలవలెను.