బండల లారీ

నంద్యాల జిల్లా బేతంచెర్ల చుట్టూ నాపబండల గనులు ఉన్నాయి. కడప జిల్లా ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. బండలైనా, బస్తాలైనా లారీల మీదే పోవాలి.

ఒక డ్రైవరు రాత్రంతా బండల లారీ తోలాడు. తెల్లవారి దించేచోట హమాలీలు తక్కువయ్యారు. "ఒక చెయ్యి వెయ్యన్నా" అన్నారు. సీటు దిగీ దిగగానే బండ ఎత్తాడు. నడుము కలుక్కుమంది.

"ఏమయ్యా, అట్ల వంగి నడుస్తాండావు?" అని భార్య అడిగింది.

"బండ ఎత్తినా. నడుము పట్టుకునింది" అన్నాడు.

పక్కింటి అవ్వ వచ్చింది. "ఎదురుకాళ్లతో పుట్టినోళ్లతో తొక్కించు. పోతాది" అంది. అవ్వ మంచికే చెప్పింది. కానీ తొక్కితే దెబ్బ ఇంకా పెరగవచ్చు. భార్య అతన్ని ఆసుపత్రికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ ఇలా చెప్పింది. వెన్నులో పూసకూ పూసకూ మధ్య మెత్తని దిండు లాంటిది ఉంటుంది. గంటల తరబడి కూర్చుని కుదుపులు తింటే కండరాలు బిగుసుకుపోతాయి. అప్పుడే వంగి, ఒళ్లు తిప్పి బరువు ఎత్తితే కండరం చిట్లుతుంది. ఒక్కోసారి ఆ దిండు జరిగి నరాన్ని నొక్కుతుంది. నొప్పి కాలిలోకి పాకుతుంది.

లారీ దిగాక పది నిమిషాలు నడవాలి. బరువు ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచాలి. బరువును పొట్టకు దగ్గరగా పట్టుకోవాలి. నీళ్ల బిందె ఎత్తే ఆడవాళ్లకూ ఇదే పద్ధతి. మగమనిషి ఒక్కడు 55 కిలోలకు మించి మోయరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సలహా ఇచ్చింది. పెద్ద బండలు అంతకు మించి తూగుతాయి. వాటిని ఒక్కరే ఎత్తకూడదు.

నొప్పి ఉందని వారాల తరబడి మంచం పట్టకూడదు. మెల్లగా నడుస్తుండాలి. కాలు మొద్దుబారి చచ్చుబడినా, మూత్రం బిగిసినా అదేరోజు ఆసుపత్రికి పోవాలి.

పనిలో ప్రమాదం జరిగి, మూడు రోజులకు మించి పని చేయలేకపోతే యజమాని నష్టపరిహారం ఇవ్వాలి. 1923 చట్టంలో ఈ హక్కు ఉండేది. 2020లో చేసిన సామాజిక భద్రత చట్టంలోనూ ఉంది.

భార్య నోటుపుస్తకం తీసింది. తేదీ, ఊరు, లారీ నంబరు, చూసిన క్లీనరు పేరు రాసింది. అక్షరాలు వంకరగా ఉన్నా చదవడానికి వచ్చాయి.

లారీ యజమాని ఒప్పుకోలేదు. "డ్రైవరు పని తోలడమే కదా! బండ ఎవరెత్తమన్నారు?" అన్నాడు.

"బండలు దిగకపోతే నీ లారీ ఎట్ల తిరిగొస్తాది సామీ?" అంది ఆమె.

ఆసుపత్రి చీటీ జతచేసి కార్మిక శాఖ ఆఫీసులో అర్జీ ఇచ్చింది. అర్జీ అందినట్టు నకలు మీద ముద్ర వేయించుకుంది.