రుగ్ణశిశువుల సన్నిధిని

ప్రశ్న: బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోఁ బుట్టి పెరిగిన డిగ్రీ విద్యార్థినిని. తెలుఁగు, హిందీ, ఛత్తీస్‌గఢీ వచ్చును. సెలవులలో విదేశమునకుఁ బోయి, ఆసుపత్రులలోని పిల్లలను ఆడించి ఊరడింపఁదలఁచితిని. తగునా?

జవాబు: అమ్మాయీ, నీ సంకల్పము శ్లాఘనీయము, ఆట రోగబాలునకు విలాసము గాక ఔషధతుల్యమని నేనును దృఢముగా నమ్ముదును. ఇంటివారికి దూరమగుటయు రోగబాలునకు బాధయే. ఆసుపత్రులలోఁ దల్లిదండ్రుల ప్రవేశము మిక్కిలి పరిమితమై యుండిన కాలమున, 1952లో పరిశోధకుఁడు జేమ్స్ రాబర్ట్‌సన్, తల్లికి దూరమైన రెండేండ్ల బాలిక దుఃఖమును చలనచిత్రముగాఁ దీసి లోకమునకుఁ జూపెను. బ్రిటనులో 1959 నాటి ప్లాట్ నివేదిక తల్లుల రాకకు ద్వారములు తెరువవలెనని కోరెను. ఐక్యరాజ్యసమితివారి 1989 బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణము ఆటను హక్కుగానే యంగీకరించెను.

అయితే రెండు వారములకై వచ్చి, భాష తెలియక, మచ్చిక గాఁగానే వెడలిపోవు నతిథివలన శిశువునకు మరియొక వియోగమే మిగులును. కావున మొదట నీ యూరనే సేవ చేయుము. సికిల్ సెల్ అను రక్తవ్యాధి విస్తారముగా నున్న మీ ప్రాంతమున, ఎముకల నొప్పితో మాటిమాటికి ఆసుపత్రి చేరు పిల్లలకు నీ మూఁడు భాషలును అక్కఱకు వచ్చును. సిమ్స్ వైద్యకళాశాల పిల్లల వార్డు అధికారులను, గనియారిలోని జన స్వాస్థ్య సహయోగ్ అను ఆరోగ్యసంస్థవారిని ముందుగా నడుగుము. అనుమతించినచో వారమున కొకనాఁడైనను తప్పక, ఏడాదిపాటు పొమ్ము.

టీకాలు వేయించుకొనుము, జలుబున్ననాఁడు పోవలదు, కడుగుటకు వీలైన బొమ్మలనే కొనిపొమ్ము. సూది గ్రుచ్చునపుడు నొప్పి యుండదని బొంకక, కథ చెప్పుచుఁ జేయి పట్టుకొనుము. ఆడనన్న బిడ్డను బలవంతపెట్టక ప్రక్కనే కూర్చుండుము. ఫొటోలు తీయవలదు.

పిమ్మట విదేశమే పోఁదలఁచితివేని, కొన్ని నెలలుండుటకు సిద్ధపడుము. నీ పూర్వచరిత్ర విచారింపక, శిక్షణ నీయక, రుసుము మాత్రమే కోరు సంస్థను విడిచిపెట్టుము.