రెండో స్కాన్ దగ్గర మొదలయ్యే కెరీర్

హైదరాబాద్‌లో మధురానగర్ హాస్టళ్లలో ఉంటూ అమీర్‌పేటలో పైథాన్, మెషీన్ లెర్నింగ్ నేర్చుకుంటున్న పిల్లలు అడిగేది ఒకటే ప్రశ్న: కోర్సు అయ్యాక ఫ్రెషర్‌కి చోటెక్కడ? అక్కడి మైత్రీవనం చుట్టూ ఉన్న బోర్డుల మీద కోర్సుల పేర్లే తప్ప, ఆ చదువుతో ఎవరికి ఏ పని చేసిపెట్టాలో ఉండదు. నేను ఒక పని చూపిస్తాను. గర్భసంచిలో వచ్చే గడ్డలకు, అంటే ఫైబ్రాయిడ్లకు, వైద్యం మొదలుపెట్టాక అది పనిచేస్తోందా లేదా అన్నది స్కాన్లలో కొలిచి చెప్పే పని.

ఈ పనే ఎందుకంటే, ఇది మన ఇళ్లలోని సమస్య. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత (2015–16) లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల లోపు మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అన్నీ గడ్డల వల్లే జరిగిన ఆపరేషన్లు కావు గానీ, ఎక్కువ రక్తస్రావం, గడ్డలు తరచుగా చెప్పే కారణాలే. అనవసరంగా గర్భసంచి తీసేయడాన్ని అడ్డుకునే కేంద్ర మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో ఆదేశించింది కూడా.

తీసేయకుండా చేసే వైద్యాలు ఉన్నాయి. మందులు, ఇంజెక్షన్లతో గడ్డను తగ్గించవచ్చు. గడ్డకు రక్తం తీసుకెళ్లే నాళాలను మూసేసే ఎంబోలైజేషన్ గురించి ఫ్రాన్స్ వైద్యులు 1995లోనే రాశారు. ఎమ్మారైలో చూస్తూ అల్ట్రాసౌండ్ తరంగాల వేడితో గడ్డను మాడ్చే యంత్రానికి అమెరికా ఎఫ్‌డీఏ 2004లో అనుమతిచ్చింది. గర్భసంచి తీసేస్తే ఇక కొలవడానికేమీ ఉండదు. ఉంచితే మాత్రం కొన్ని నెలలకోసారి చూసుకుంటూ ఉండాలి. మీ ఉద్యోగం పుట్టేది అక్కడే.

కొలవడంలో ఏముందని అనుకోకండి. ఒక గడ్డ 6, 5, 5 సెంటీమీటర్లు ఉందనుకుందాం. మూడింటినీ గుణించి 0.523తో హెచ్చిస్తే సుమారు 78 మిల్లీలీటర్లు. ఆరు నెలల తర్వాత 5, 4.5, 4 అయింది. రిపోర్ట్ చూసిన పేషెంట్‌కు "ఒక్క సెంటీమీటరేనా తగ్గింది!" అని దిగులు. లెక్క కట్టి చూస్తే 47 మిల్లీలీటర్లు, అంటే 40 శాతం తగ్గుదల. ఇప్పుడు ఇదే లెక్కను తిరగేయండి. మొదటిసారి కొలిచినవారు ఒక్కో కొలతలో అర సెంటీమీటరు ఎక్కువ పట్టుకుంటే 78 కాస్తా 103 అవుతుంది. ఒక డాక్టర్ ఒకలా, ఇంకొక సెంటర్లో ఇంకొకరు మరోలా కొలిస్తే, పనిచేస్తున్న మందును ఆపేసే ప్రమాదం, పనిచేయని దాన్ని కొనసాగించే ప్రమాదం రెండూ ఉన్నాయి. పైగా అన్ని గడ్డలూ గుండ్రంగా ఉండవు, ఒకటే ఉంటుందనీ లేదు. ఎంబోలైజేషన్ తర్వాతైతే సైజు తగ్గేలోపే లోపల రక్తప్రసరణ ఆగిపోతుంది. దాన్ని కాంట్రాస్ట్ ఇచ్చి తీసిన ఎమ్మారైలో పట్టుకోగలం.

ఏఐ అవసరం ఇక్కడ. ఒక్కో స్లైస్‌లో గడ్డ అంచును గీసి, మొత్తం ఘనపరిమాణాన్ని ప్రతిసారీ ఒకే పద్ధతిలో లెక్కకట్టే పని దానిది. జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో 2015లో తయారైన యూ–నెట్ అనే మోడల్ ఈ రంగానికి పునాది. కానీ కోడ్ నడిపి, డైస్ స్కోర్ (మోడల్ గీసినది మనిషి గీసినదానితో ఎంత కలిసిందో చెప్పే కొలత) బాగా వచ్చిందని సంతోషపడేవారిని నేను ఆపుతాను. ఎనిమిది సెంటీమీటర్ల గడ్డను మోడల్ చక్కగా గీసి, గర్భసంచి లోపొరను ఆనుకుని ఉన్న ఒక సెంటీమీటరు గడ్డను వదిలేసినా స్కోర్ బాగానే ఉంటుంది. చాలాసార్లు రక్తస్రావం చేయించేది ఆ చిన్నదే. అంతర్జాతీయ గైనకాలజీ సమాఖ్య (ఫిగో) వర్గీకరణలో 0 నుంచి 8 వరకు గడ్డ ఉన్న చోటును బట్టి నంబర్లు ఇచ్చింది అందుకే. ఈ ఒక్క సంగతి అర్థమైనవారికీ, పది సర్టిఫికెట్లున్నవారికీ ఇంటర్వ్యూలో తేడా కనిపిస్తుంది.

ఇక దారులు. బైపీసీ వారికి ఇమేజింగ్ టెక్నాలజీ డిగ్రీ మంచి దారి. మధురానగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో లైన్ మారితే తర్వాతి స్టేషనే పంజాగుట్ట. అక్కడి నిమ్స్‌లో పారామెడికల్ డిగ్రీ కోర్సులున్నాయి. కాళోజీ హెల్త్ యూనివర్సిటీ పరిధిలోనూ ఉన్నాయి. రెండేళ్ల డిప్లొమాలు తెలంగాణ పారామెడికల్ బోర్డు కిందికి వస్తాయి. రెండో స్కాన్‌ను మొదటి స్కాన్ తీసిన కోణంలోనే, అదే స్లైస్ మందంతో తీయగల టెక్నీషియన్ లేకపోతే ఏ మోడలూ ఏమీ చేయలేదు. అమ్మాయిలు ఈ కోర్సుల్లోకి ఇంకా ఎక్కువగా రావాలని నా కోరిక. కటి భాగం స్కాన్‌కు వచ్చిన ఆడవాళ్ల మొహమాటం సగం తగ్గేది మీరు గదిలో ఉంటేనే.

ఒక హెచ్చరిక. "ఆరు నెలల్లో అల్ట్రాసౌండ్ టెక్నీషియన్, జాబ్ గ్యారంటీ" అనే ప్రకటనలకు డబ్బు కట్టకండి. మన దేశంలో పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం అల్ట్రాసౌండ్ మెషీన్‌ను రిజిస్టర్ చేయించాలి, స్కాన్ చేయాల్సింది అర్హత ఉన్న డాక్టర్. విదేశాల్లో సోనోగ్రాఫర్ ఉద్యోగం చూసి ఇక్కడా అంతే అనుకోవద్దు. టెక్నీషియన్‌గా మీ చోటు ఎక్స్‌రే, సీటీ, ఎమ్మారై.

ఇంజినీరింగ్ వైపు ఉస్మానియాలో, ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ విభాగాలున్నాయి. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో మెడికల్ ఇమేజింగ్ మీద చాలా కాలంగా పరిశోధన జరుగుతోంది. బీఫార్మసీ చేసి అమీర్‌పేటలో క్లినికల్ రీసెర్చ్ కోచింగ్ తీసుకుంటున్నవారూ ఉన్నారు. రోగం గురించి చెప్పే సాఫ్ట్‌వేర్ 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ కిందికి వస్తుంది కాబట్టి పరీక్షల రికార్డులు, అనుమతుల పత్రాలు చూసేవారు కంపెనీలకు కావాలి. అది వారికి తగిన పని.

ఇప్పటికే కోడింగ్ వచ్చినవారు కొత్త కోర్సులో చేరడం కాస్త ఆపండి. స్కాన్లలో అంచులు గీసే సాఫ్ట్‌వేర్లు త్రీడీ స్లైసర్, ఐటీకే–స్నాప్ ఉచితం. గడ్డలు గుర్తించి పెట్టిన 300 మంది ఎమ్మారై చిత్రాలను చైనా పరిశోధకులు 2024లో అందరికీ విడుదల చేశారు. పది కేసులు తీసుకుని ముందు మీ చేత్తో అంచులు గీయండి. వారం ఆగి, పాతది చూడకుండా అవే మళ్లీ గీయండి. మీ రెండు కొలతల మధ్యే ఎంత తేడా ఉందో రాసుకోండి. ఆ తర్వాత మోడల్‌తో గీయించి, అది వదిలేసిన చిన్న గడ్డలను విడిగా ఒక పట్టికలో పెట్టండి. వీలైతే రేడియాలజీ పీజీ చేస్తున్న ఒక డాక్టర్‌కు చూపించి, ఎందుకు తప్పిందో అడగండి. తెలిసిన సెంటర్ నుంచి స్కాన్లు అడిగి తెచ్చుకోవాలనిపిస్తే మాత్రం వద్దు. స్కాన్ ఉండే డైకామ్ ఫైలు లోపల పేషెంట్ పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. అనుమతి లేకుండా వాటిని లాప్‌టాప్‌లో పెట్టుకోవడం తప్పు. రెజ్యూమేలో కోర్సుల జాబితా కంటే పైన, మోడల్ వదిలేసిన గడ్డల పట్టిక లింక్ ఇవ్వండి.